రాజా దీన్ దయాళుగారి చరిత్రము

ప్రతి సంవత్సరమును వార్షికోత్సవమునకు కొన్ని దినములు ముందుగా మా పాఠశాలకు ఫొటోగ్రాఫరు వచ్చును. వేపచెట్టు క్రింద బెంచీలు వరుసగా వేయబడును. ఉపాధ్యాయులు కుర్చీలలో కూర్చుందురు. పొడవైన బాలురు వెనుక బెంచీలపై నిలుతురు. చిన్న తరగతులవారు ముందు నేలపై బాసిపట్టు వేసికొని కూర్చుందురు. కదలవద్దని ఫొటోగ్రాఫరు చెప్పిన క్షణముననే ఎవడో యొకడు ప్రక్కవానిని గిల్లును. ఆ చిత్రమునకు అద్దము బిగించి ఆఫీసు గోడకు తగిలింతురు. ఇరువది సంవత్సరముల తరువాత పూర్వ విద్యార్థి యొకడు తన కుమారుని బడిలో చేర్పింప వచ్చి, ఆ గోడయెదుట నిలిచి, వ్రేలితో వరుసలు తడవుచు తన ముఖమును వెదకికొనును. ఇట్టి దృశ్యమును మేము పెక్కుసారులు చూచితిమి. తన ముఖము దొరకును. కాని తన భుజముపై చేయి వేసిన బాలుని పేరు జ్ఞప్తికి రాదు. చిత్రము వెనుక పేర్లు వ్రాయబడలేదు.

ఈ చిన్న లోపమును తలచుకొన్నప్పుడెల్ల మాకు రాజా దీన్ దయాళుగారు జ్ఞప్తికి వత్తురు. సుమారు నూటనలువది సంవత్సరముల క్రిందట మన హైదరాబాదు సంస్థానమునకు వచ్చి, సికింద్రాబాదున ఫొటోగ్రాఫుల శాల నెలకొల్పి, మన కోటలను, గుడులను, వీధులను, ప్రభువులను, బీదలను గాజు పలకలపై నిలిపిన మహనీయుడాయన. యాత్రలు చేయువారికొఱకు చిత్రములు తీయుట యను వృత్తి లోకమంతటను అప్పుడప్పుడే పుట్టుచుండిన కాలమది. అట్టి వృత్తియందు ఈ దేశీయుడొకడు మొదటి శ్రేణిలో నిలిచిన విధము బాలబాలికలును, వారి తలిదండ్రులును తెలిసికొనదగినదని తలచి ఈ సంచికలో ఆయన చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

దీన్ దయాళుగారు 1844వ సంవత్సరమున మీరటునకు సమీపమున నున్న సర్ధనా యను పట్టణమున జన్మించిరి. బేగం సమ్రూ కట్టించిన గొప్ప దేవాలయమువలన ఆ పట్టణము క్రైస్తవులకు సుపరిచితమైనది. వీరి కుటుంబమువారు జైనులు. రత్నముల వ్యాపారము వారి కులవృత్తి. బాలుడు మాత్రము ఆ వృత్తిలో ప్రవేశింపక, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరి, కొలతలు తీయుటయందును, నక్షాలు గీయుటయందును మంచి శిక్షణమును పొందెను. 1866వ సంవత్సరమున ఆ చదువు ముగించి, ఇందూరు పట్టణమున ప్రభుత్వపు కట్టడముల శాఖయందు అంచనాలు వేయు గుమాస్తాగాను, నక్షాలు గీయువానిగాను ఉద్యోగమున ప్రవేశించెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిరెండేండ్లు. జీతము నిలకడయైనది, ఉద్యోగము గౌరవమైనది. జీవితాంతము అచ్చటనే యుండి పింఛను పుచ్చుకొని యుండినచో ఎవరును తప్పుపట్టియుండరు. అట్లే జరిగియుండినచో మనమీనాడు ఆయన పేరైనను ఎరుగకుందుము.

సుమారు 1874వ సంవత్సరమున, ముప్పదవయేట, ఆయనకు ఛాయాచిత్రములయందు అభిరుచి కలిగెను. నేటి బాలురు జేబులోని ఫోనును తీసి క్షణములో పది చిత్రములు తీయుదురు గనుక ఆనాటి పద్ధతిని కొంచెము వివరింపవలసియున్నది. మొదట గాజుపలకను మచ్చలేకుండ తుడువవలెను. దానిపై కొలోడియన్ అను జిగురు ద్రావకమును సమముగా పోసి, చీకటిలో వెండి లవణపు నీటిలో ముంచవలెను. పలక తడిగా నుండగానే కెమెరాలో నమర్చి, మూత తీసి, లెక్కపెట్టి, మూత వేయవలెను. తడి యారకముందే మరల చీకటిలోనికి కొనిపోయి చిత్రమును తేల్చి, కడిగి, స్థిరపరుపవలెను. ఇదియంతయు కొన్ని నిమిషములలో ముగియవలెను. మన దేశపు ఎండలో ఆ తడి యెంతసేపు నిలుచునో చెప్పనక్కరలేదు. కాబట్టి కోటను గాని కొండను గాని చిత్రింపబోవు ఫొటోగ్రాఫరు పెద్ద పెట్టె కెమెరాను, ముక్కాలిపీటను, గాజుపలకల పెట్టెలను, రసాయనముల సీసాలను, శుభ్రమైన నీటిని, ఒక చీకటి గుడారమును బండ్లమీదను కూలీల తలలమీదను మోయించుకొని పోవలసినవాడు. అంత చేసి తెచ్చిన పలక త్రోవలో పగిలినయెడల శ్రమయంతయు వ్యర్థమే. పిమ్మట గ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితమును ఆ పలకకు అదిమి, ఎండలో నుంచి ప్రతులు దింపెడివారు.

నక్షాలు గీయువాని ఓర్పు ఈ పనికి సరిగా నక్కరకు వచ్చెను. కట్టడమును ఏ దిక్కునుండి చూచిన దాని పొడవు, ఎత్తు, లోతు తెలియునో, ఏ వేళకు నీడ ఏ స్తంభముపై పడునో ఆయన ముందే యెంచుకొనెడివాడు. ఇందూరు ప్రభువగు రెండవ తుకోజీరావు హోల్కరు మహారాజుగారు ఈయన చిత్రములను మెచ్చి ప్రోత్సహించిరి. మధ్య హిందూస్థానమునకు గవర్నరు జనరలుగారి ప్రతినిధియగు సర్ హెన్రీ డేలీ దొరగారును ఆదరించిరి. 1875–76లో వేల్సు యువరాజుగారు హిందూదేశమున సంచారము చేసినప్పుడు ఇందూరునందు వారి చిత్రములు తీయుభాగ్యము ఈ గుమాస్తాకే లభించెను.

ఇచ్చట కథను కొంచెము నిలిపి, ఆ కాలమున లోకమున యాత్రలెట్లు సాగుచుండెనో చూతము. 1869వ సంవత్సరమున సూయెజు కాలువ తెరవబడెను. దానితో ఇంగ్లండునుండి బయలుదేరిన పొగయోడలు ఆఫ్రికా ఖండమును చుట్టిరాక, మధ్యధరా సముద్రముగుండ సూటిగా బొంబాయికి రాసాగెను. ఆ సముద్రములో మాల్టా యను చిన్న ద్వీపము కలదు. ఓడలు అచ్చట ఆగి బొగ్గు నింపుకొనెడివి. బొగ్గెత్తు పనియంతయు జరుగునంతవరకు ప్రయాణికులు గట్టునకు దిగి వల్లెట్టా నగరపు కోటలను, దేవాలయములను చూచివచ్చెడివారు. బొగ్గుబాయిలో పనిచేయువారి బిడ్డలు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక: ఆనాటి దేశసంచారమునకు, నీటిమీదనైనను నేలమీదనైనను, బొగ్గే కాళ్లు. థామస్ కుక్ అను ఇంగ్లీషువాడు 1872లో బయలుదేరి కొందరు యాత్రికులను భూమి చుట్టును త్రిప్పి, దారిలో మన దేశమునుకూడ చూపెను. టికెట్టు, బస, భోజనము, మార్గదర్శి అన్నియు ఒకే సొమ్ముతో ఏర్పరచు ఆ పద్ధతివలన ప్రభువులు, దొరలు, వర్తకులు మాత్రమేగాక సామాన్య గృహస్థులును వినోదార్థము విదేశములకు పోవుట ఆరంభించిరి.

అట్టి యాత్రికులకు సొంత కెమెరాలు లేవు. చూచినదానిని ఇంటికి కొనిపోవలెనన్న ఆ యూరి ఫొటోగ్రాఫరు అంగడిలో చిత్రములు కొనవలసినదే. నేపిల్సు నగరమున జార్జియో సొమ్మరు అను జర్మను జాతీయుడు సిసిలీ, కాప్రీ మొదలగు ద్వీపముల చిత్రములు తీసి యాత్రికులకమ్మి ప్రసిద్ధుడయ్యెను. 1878లో సైప్రసు ద్వీపము ఇంగ్లీషువారి పాలనలోనికి రాగానే జాన్ థామ్సన్ అను స్కాట్లండువాడు కెమెరాతో అచ్చటికి పోయి, ఆ శరదృతువునందే ద్వీపమంతయు తిరిగి, మరుసటి సంవత్సరమున రెండు సంపుటముల చిత్రగ్రంథమును ప్రకటించెను. ఇంగ్లండునందలి జనులు తమ క్రొత్త ద్వీపమెట్లుండునో ఆ పుటలలో చూచిరి. మన దేశముననో, శామ్యూల్ బోర్ను అను నాటింగుహాము బ్యాంకు గుమాస్తా తన ఉద్యోగమును వదలి 1863లో వచ్చి, హిమాలయముల నెక్కి, 1870వరకు చిత్రములు తీసెను. ఈ ముగ్గురును గొప్ప పనివారే. ఐనను ముగ్గురును తాము చిత్రించిన దేశమునకు పరాయివారు. పరాయివాడు తనకు వింతగా తోచినదానిని చిత్రించును. ఇంటివాడు తనకు తెలిసినదానిని చిత్రించును. లోకము మన దేశమును పరాయివారి కన్నులతోనే చూచుచుండిన ఆ దినములలో దీన్ దయాళుగారు కెమెరా వెనుక నిలిచిరి.

1882వ సంవత్సరమున సర్ లెపెల్ గ్రిఫిన్ దొరగారు బుందేలుఖండమున సంచారము చేయుచు ఈయనను వెంట తీసికొనిపోయిరి. గ్వాలియరు కోట, ఖజురాహో గుడులు, సాంచీ స్తూపము, ఓర్ఛా భవనములు మొదలైనవి అప్పుడు చిత్రింపబడెను. మధ్య హిందూస్థానపు ప్రసిద్ధ కట్టడములనుగూర్చి గ్రిఫిన్ దొరగారు 1886లో ప్రకటించిన గ్రంథమునందు ఆ చిత్రములు వెలసినవి. ఆ సంచారము ఆయన జీవితమునకు మలుపైనది. నలువది యేండ్లు దాటిన వయస్సున, భార్యాబిడ్డలు గలవాడై, ఆయన ప్రభుత్వోద్యోగమును వదలి ఛాయాచిత్రములనే జీవనాధారముగా చేసికొనెను.

తలిదండ్రులారా, ఈ వాక్యము మీకొఱకు. మన ప్రాంతమున కుమారునికి కంపెనీ ఉద్యోగము దొరకిన చాలునని కోరని ఇల్లు లేదు. అది అన్యాయమైన కోరికయని మేమనము. షిఫ్టునుండి బొగ్గుమసితో ఇంటికి వచ్చు తండ్రి తన బిడ్డకు నెల జీతము కలుగవలెనని కోరుట సహజము. కాని దీన్ దయాళుగారి సాహసము తొందరపాటు కాదని గమనింపుడు. ఆయన ఉద్యోగమును వదలుటకు ముందు సుమారు పదియేండ్లు ఆ విద్యను తీరిక వేళలలో అభ్యసించెను. చేతికి పని పట్టుబడిన పిమ్మట, కొనువారు గలరని తెలిసిన పిమ్మట అడుగు ముందుకు వేసెను. వదలిన ఉద్యోగమునందు నేర్చిన కొలతయు, నిదానమును, లెక్కయు ఆయనను వదలలేదు. నేర్చిన విద్య ఏదియు వ్యర్థముకాదు.

1885లో డఫరిన్ ప్రభువుగారు వైస్రాయిగా నుండగా దీన్ దయాళుగారు వైస్రాయి ఫొటోగ్రాఫరుగా నియమింపబడిరి. ఆ దినములలోనే హైదరాబాదు వచ్చి, ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాన్ ప్రభువుగారి దర్శనము చేసిరి. ఆ ప్రభువుగారు 1866లో పుట్టినవారు. 1884లో స్వయముగా అధికారమును చేపట్టిన యువకులు. చిత్రములయందు వారికి మిక్కిలి ప్రీతి. 1886లో సికింద్రాబాదున దీన్ దయాళుగారి శాల వెలసెను. అప్పటికే 1874నుండి వాడీ జంక్షనుతో సికింద్రాబాదును రైలు కలుపుచుండెను. ఆ దారి 1886లో వరంగల్లువరకును, 1889లో బెజవాడవరకును సాగెను. ఆ 1889లోనే ఇల్లెందు దగ్గర బొగ్గు త్రవ్వుట ఆరంభమై, సింగరేణి పేరు లోకమునకు తెలియసాగెను. మన రామగుండము, గోదావరిఖని ప్రాంతపు గనులు చాలకాలము తరువాత పుట్టినవి. అయినను మన బొగ్గు కథయు, ఈ ఫొటోగ్రాఫరు కథయు ఒకే దశాబ్దమున ఒకే సంస్థానమున మొదలైనవని చెప్పుట సత్యము.

నిజాము రాజ్యమునందలి దర్శనీయ స్థలములను ఆయన వరుసగా చిత్రించిరి. చార్మినారు, గోలకొండ, దౌలతాబాదు, ఎల్లోరా, వరంగల్లు కోటలోని శిలాతోరణములు, హనుమకొండలోని వేయిస్తంభముల గుడి ఆ పలకలకెక్కినవి. వీటి ప్రతులతో పెద్ద పుస్తకములు కట్టబడి, ప్రభువులకును, వచ్చిపోవు అతిథులకును అందినవి. మా విద్యార్థులను హనుమకొండకు తీసికొనిపోయినప్పుడు మేమొక పుస్తకమునుండి ఆ గుడి పాత చిత్రపు నకలు వెంట కొనిపోతిమి. ఆ గుడి యెదుటనున్న కల్యాణ మండపము శిథిలమగుచుండగా బాగుచేయుటకై దాని రాళ్లు 2006లో విప్పబడెను. మరల నిలిపి 2024లో తెరచిరి. నడుమనున్న కాలమున పుట్టి పెరిగిన బాలబాలికలు ఆ మండపము లేని గుడినే చూచిరి. బాలురు పాత చిత్రమును చేతబట్టుకొని, స్తంభములను లెక్కించుచు, చిత్రములో నున్నదానిని ఎదుట నున్నదానితో పోల్చిరి. ఒక బాలిక, ఈ చిత్రము తీసినాయన మన కొఱకే తీసెనా అని యడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆయన ప్రభువుల కొఱకు తీసెను, యాత్రికుల కొఱకు తీసెను, జీవనము కొఱకు తీసెను. కాని జాగ్రత్తగా తీసెను. కనుకనే అది మాకును ఉపయోగపడెను.

ఆయన చేసిన మరియొక కార్యము ఉపాధ్యాయులమైన మాకు మిక్కిలి ప్రియమైనది. ఆ కాలమున గొప్పయింటి స్త్రీలు పరదా వదలి పరపురుషునియెదుట కూర్చుండి చిత్రము తీయించుకొనుట అసంభవము. దీన్ దయాళుగారు 1892లో హైదరాబాదున స్త్రీలకొఱకే ప్రత్యేకముగ ఒక జనానా శాలను తెరచిరి. చుట్టును ఎత్తైన గోడలు. లోపల పనిచేయువారందరును స్త్రీలే. కెన్నీ లెవిక్ అను ఇంగ్లీషు దొరసానిగారు దానికి అధికారిణిగా నుండిరి. ఆడువారు రారని విడిచిపెట్టుట సులభము. వారు రాగల చోటును కట్టుట కష్టము. ఆయన కష్టమైనదానినే చేసిరి.

గౌరవములు ఒకదాని వెంట నొకటి వచ్చెను. 1893లో అమెరికాలోని చికాగో నగరమున జరిగిన లోకప్రదర్శనమందు ఆయన చిత్రములు బహుమానమును పొందెను. 1894లో నిజాము ప్రభువుగారు రాజా బహదూర్ ముసవ్వర్ జంగ్ అను బిరుదమునొసగిరి. ముసవ్వర్ అనగా చిత్రకారుడని యర్థము. ప్రభువుల బిరుదములు సాధారణముగా సేనాపతులకు, మంత్రులకు లభించెడివి. చేతిపనివానికి లభించుట విశేషము. 1896లో బొంబాయియందు గొప్ప శాల యొకటి తెరవబడెను. ఓడదిగిన యాత్రికులకు అదియే మొదటి నగరము గదా! 1897లో విక్టోరియా రాణిగారి ఫొటోగ్రాఫరుగా రాజపత్రము వచ్చెను.

ఇంతవరకు స్తుతించితిమి. మహనీయుల చరిత్రమును వ్రాయునప్పుడు స్తుతి మాత్రమే వ్రాయుట బాలురకు మేలు చేయదు. కావున రెండవ ప్రక్కనుకూడ చూపవలెను. 1902లో కర్జను ప్రభువుగారు మన వరంగల్లు ప్రాంతపు నెక్కొండ దగ్గర డేరాలు వేయించి పులుల వేటాడిరి. చచ్చిన పులివెనుక ప్రభువుగారును భార్యయు నిలిచియున్న ఆనాటి చిత్రము ప్రసిద్ధమైనది. పులిని పొదలనుండి వెడలగొట్టుటకు డప్పులతో అడవిలోనికి నడచిన పల్లెవారి పేర్లు ఏ చిత్రముక్రిందను లేవు. ఆ సంవత్సరముల కరవులలో సహాయపు పనుల స్థలములును చిత్రింపబడెను. అందు బీదలు వరుసలు దీరి, కదలక, కెమెరావంక చూచుచుందురు. సర్కారు చేసిన దానమును చూపుట ఆ చిత్రముల యుద్దేశము. వారి ఆకలి యెంతటిదో వారిచేత చెప్పించుట కాదు. సొమ్మిచ్చినవాడు చూపగోరినదానిని చూపుట ఈ వృత్తియొక్క బంధము. దీన్ దయాళుగారు ఆ బంధమునకు లోబడినవారే.

అయినను ఒక విచిత్రమున్నది. గాజుపలక యజమాని కోరినదానిని మాత్రమే పట్టుకొనదు. ఎదుట నున్నదానినంతయు పట్టుకొనును. ప్రభువుగారి గుఱ్ఱమును చిత్రింపగా గుఱ్ఱపువాని ముఖమును వచ్చును. భవనమును చిత్రింపగా ముంగిట ఊడ్చువాడు, నీళ్లు మోయువాడు, అంగడివాడు అందులో నిలుతురు. నూరేండ్ల తరువాత చూచు మనకు ప్రభువుగారి కంటె ఆ నీళ్లు మోయువాని తలపాగ, బానల ఆకారము, బండిచక్రము, వీధి మట్టి ఎక్కువ విషయములు తెలుపుచున్నవి. నిదానముగా, సూటిగా తీసిన చిత్రము తీయించినవాని కోరికను దాటి బ్రతుకును.

1903లో ఢిల్లీ దర్బారును చిత్రించుట ఆయన చివరి గొప్పకార్యములలో నొకటి. కుమారులు జ్ఞానచందు, ధర్మచందు ఇరువురును తండ్రి వృత్తియందే శిక్షితులైరి. కాని ధర్మచందు తండ్రికంటె ముందే మరణించెను. ఆ దుఃఖమును మోయుచు, 1905వ సంవత్సరము జూలై మాసమున రాజా దీన్ దయాళుగారు కాలధర్మమును పొందిరి. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచినప్పుడు కూలిన యిండ్లను, తెగిన వంతెనలను ఆయన శాలవారు చిత్రించిరి. 1911లో మహబూబ్ అలీఖాన్ ప్రభువుగారును గతించిరి. అప్పటికి కాలము మారిపోయెను. 1888నుండి అమెరికాలో అమ్మకమునకు వచ్చిన కోడక్ చేతిపెట్టె కెమెరాలు లోకమంతటను వ్యాపించెను. యాత్రికులు తమ చిత్రములను తామే తీసికొనసాగిరి. అంగళ్లలో అణాకాసులకు చిత్రపు కార్డులు దొరకెను. పెద్ద పలకల శాలల వైభవము క్రమక్రమముగా క్షీణించెను.

అదృష్టవశమున ఆ కుటుంబమువారు పలకలను పారవేయలేదు. వానిలో 2,857 గాజుపలకలను 1989లో కొత్త ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు సేకరించి భద్రపరచిరి. 2006లో భారత తపాలాశాఖవారు ఆయన స్మారకముగా తపాలా బిళ్లను వెలువరించిరి. గాజు పగులునది, నూరేండ్లకు పైగా రైళ్లలో, బండ్లలో, మేడలలో, మూలగదులలో ఉండి ఇన్ని పలకలు పగులక నిలుచుట సామాన్యము కాదు. ప్రతి పలకను ఎవరో ఒకరు కాగితములో చుట్టి, సంఖ్య వ్రాసి, మెల్లగా దింపియుందురు. వారి పేర్లును మనకు తెలియవు. వారి జాగ్రత్త మాత్రము తెలియుచున్నది.

ఇక ఈ చరిత్రమును మన యింటికి తెత్తము. మా తాతగారి గ్రామము ఇప్పుడు లేదు. అది యున్న చోట నేడు ఓపెన్ కాస్టు గని కలదు. నష్టపరిహారమిచ్చి జనులను వేరొక చోట నిలిపిరి. ఆ బొగ్గువలననే మా తండ్రిగారికి జీతమును, మాకు చదువును కలిగెను. కావున మేమెవరిని నిందింపము. కాని ఆ గ్రామపు చిత్రము ఒక్కటియు మా యింట లేదు. చెరువుకట్ట ఎటు వంగెనో, రావిచెట్టు ఎంత పెద్దదో, మా తాతగారి వాకిలి ఏ దిక్కునకుండెనో మా పిల్లలు అడిగినప్పుడు మేము గాలిలో చేతులతో గీసి చూపుచున్నాము. మా తండ్రిగారి చేతిగీతకును మా చేతిగీతకును ఇప్పటికే భేదము వచ్చినది. ఒక తరము గడచిన ఆ భేదమును సరిదిద్దువారు కూడ నుండరు.

బాలబాలికలారా, మన ప్రాంతమున నేల తానే మారుచున్నది. నేడు పొలమైనది రేపు గనియగును. నేడు గనియైనది రేపు మట్టిగుట్టయగును. పాత క్వార్టర్లు కూలును, క్రొత్త వీధులు లేచును. దీన్ దయాళుగారు కూలీల తలలపై మోయించిన సాధనముల కంటె గొప్ప సాధనము నేడు మీ యింటిలో నున్నది. కాని ఆ సాధనముతో మీరు తీయుచున్నది ఎక్కువగా మీ ముఖములనే. సెలవులలో ఒక దినము మీ తాతగారినో అవ్వగారినో వెంటబెట్టుకొని మీ వాడను, బావిని, బడిని, గుడిని, దర్గాను, చర్చిని, రామగిరి ఖిల్లా గోడలను నిదానముగా చిత్రింపుడు. మధ్యాహ్నపు నిట్టనిలువు ఎండలో గాక, నీడలు వాలిన వేళ తీయుడు. తొందరపడక ఎదుట నిలిచి, కట్టడము పూర్తిగ వచ్చునట్లు చూచుకొనుడు. ముఖ్యముగ ప్రతి చిత్రమునకు స్థలము పేరు, తేది, అందున్న మనుష్యుల పేర్లు వ్రాసియుంచుడు. నీళ్లు మోయువాడైనను, ఊడ్చు ఆమెయైనను పేరు విడువకుడు. దీన్ దయాళుగారి కాలమున జరుగని ఈ పనిని మీరు చేయగలరు.

ఈ సంవత్సరపు వార్షికోత్సవ చిత్రము తీయునప్పుడు మేమొక నియమము చేసికొంటిమి. తొమ్మిదవ తరగతి విద్యార్థులిద్దరు కాగితము చేతబట్టుకొని, వరుసవెంట వరుసగా, అందరి పేర్లను వ్రాసిరి. వంటయమ్మ, గంట కొట్టు తాత, తోటమాలి కూడ ఆ పట్టికలో నున్నారు. ఆ కాగితము చిత్రము వెనుక అంటింపబడినది. ఇరువది సంవత్సరముల తరువాత గోడయెదుట నిలుచు తండ్రి తన ముఖముతోపాటు తన భుజముపై చేయివేసిన స్నేహితుని పేరునుకూడ చదివికొనగలడు.